వ్యాయామం నెత్తిన బరువు తగ్గించే పని పెట్టకండి

"జిమ్ మానేశానే, దండగ. ఇన్ని నెలలు వెళ్తే రెండు కేజీలు కూడా తగ్గలేదు" అంది మొన్న ఫోన్లో నా స్నేహితురాలు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఎందుకంటే ఆ నెలల్లో తనలో ఏం మారిందో అప్పుడప్పుడు తనే నాకు చెబుతూ వచ్చింది. మూడో అంతస్తు దాకా ఆగకుండా మెట్లెక్కగలుగుతున్నానని, రాత్రిళ్ళు మధ్యలో మెలకువ రావడం పోయిందని, నడుం నొప్పి సంగతే మర్చిపోయానని, పాత బట్టలు నడుం దగ్గర వదులయ్యాయని. ఇన్ని మార్పులు ఒకవైపు, వెయింగ్ మెషిన్ మీద కదలని అంకె ఒకవైపు. చివరికి తను నమ్మింది ఆ అంకెనే.

తన మీద నాకు కోపం లేదు. వ్యాయామం ఉన్నదే బరువు తగ్గడానికి అని మనందరికీ చిన్నప్పటి నుంచి నూరిపోశారు, నా కోపమంతా దాని మీద. కొంతకాలంగా ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను, చుట్టుపక్కల వాళ్ళని గమనిస్తున్నాను. నాకు అర్థమైనంతలో ఒంటి బరువు ఎంత ఉంటుందో చాలావరకు తేల్చేది తిండి. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అని తేల్చడంలో వ్యాయామానిది పెద్ద చెయ్యి. ఈ రెండు పనులూ కలగాపులగం అయిపోయి, తిండి చెయ్యాల్సిన పనిని వ్యాయామం నెత్తిన పెట్టి, అది చెయ్యలేకపోయిందని దాన్ని వదిలేస్తున్నాం. ఈ పోస్టులో చెప్పదలుచుకున్నది ఇదే. దీనికి అడ్డం వచ్చే విషయాలు కూడా ఉన్నాయి, వాటినీ దాచను.

ట్రెడ్‌మిల్ మీది అంకె

పరుగుకి ఎన్ని కేలరీలు ఖర్చవుతాయన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. ఒంటి బరువులో ప్రతి కేజీకి, కిలోమీటరుకి ఒక కేలరీ. 70 కేజీల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 350. అదే దూరం నడిస్తే ఊరికే కూర్చున్నప్పటి కంటే అదనంగా అయ్యే ఖర్చు ఇందులో దాదాపు సగమే. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలు ఉంటాయి. అంటే అరగంటకు పైగా చెమటలు కక్కుతూ పరుగెత్తి ఖర్చుపెట్టినది మూడు చెంచాల నూనెతో తిరిగి వచ్చేస్తుంది, అదీ మనకు తెలియకుండానే.

చేతికి పెట్టుకునే వాచీలు చూపించే లెక్క ఇంకా నమ్మకం లేనిది. 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ఏడు రకాల పరికరాలు తీసుకుని పరీక్షించారు. గుండె వేగాన్ని వాటిలో ఆరు బాగానే కొలిచాయి. కేలరీల దగ్గరకు వచ్చేసరికి అన్నిట్లోకీ మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చూపించింది, అన్నిట్లోకీ అధ్వాన్నమైనది 93 శాతం. ఈ అంకెను నమ్మి "ఇవాళ 600 కరిగించాను కదా, కొంచెం ఎక్కువ తిన్నా పర్లేదు" అనుకునేవాళ్ళని రోజూ చూస్తుంటాను. మా జిమ్‌లో ఒకావిడ ఆ అంకె తను అనుకున్న చోటికి చేరేదాకా మెషిన్ దిగేది కాదు, చేరగానే పక్కనున్న వెయిట్స్ వైపు కనీసం చూడకుండా వెళ్ళిపోయేది. వాటి దగ్గర అంకె కనపడదు కదా మరి.

దీనికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఎక్కువ కదిలితే ఎక్కువ ఖర్చవుతుంది, ఆ ఖర్చంతా మొత్తంలో కలుస్తూ పోతుంది అనుకుంటాం. హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త బృందం ఉత్తర టాంజానియాలోని హాడ్జా ప్రజల రోజువారీ శక్తి ఖర్చును కొలిచింది. వేటాడి, దుంపలు తవ్వుకుని, తేనె పట్టి బతికే మనుషులు, మనలో చాలామంది కంటే ఎన్నో రెట్లు ఎక్కువ తిరుగుతారు. కొలత కూడా ఏదో అంచనా లెక్క కాదు. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల బరువైన ఐసోటోపులు (అవే మూలకాలు, కాస్త బరువెక్కువున్న అణువులు) కలిపిన నీళ్ళు తాగించి, అవి ఒంట్లోంచి ఎంత వేగంగా పోతున్నాయో మూత్రంలో చూసి లెక్కకట్టారు. 2012లో వచ్చిన ఫలితం ఏమిటంటే, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక, కుర్చీల్లో కూర్చుని పనిచేసే పాశ్చాత్యుల రోజువారీ ఖర్చుకీ హాడ్జాల ఖర్చుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకచోట ఖర్చు పెరిగితే ఇల్లాలు ఇంకోచోట కోత పెట్టినట్టు, ఒళ్ళు కూడా లోపల ఎక్కడెక్కడో సర్దుకుంటోందని పాంట్జర్ వాదన.

ఈ వాదనను ఉన్నదున్నట్టు మింగేయాలని నేను అనను. సర్దుబాటు పూర్తిగా జరిగిపోతుందంటే రోజంతా సైకిల్ తొక్కే పోటీదారులు తినే తిండి ఎక్కడికి పోతున్నట్టు? 2021లో 1,754 మంది పెద్దవాళ్ళ కొలతలు పోగేసి చూసిన పరిశోధనలో, కదలిక వల్ల అదనంగా అయిన ఖర్చులో సగటున 28 శాతాన్ని ఒళ్ళు మిగతా పనుల్లో మిగుల్చుకుంటోందని తేలింది. అంటే 100 ఖర్చుపెట్టామనుకుంటే నికరంగా 72. నన్ను బాధపెట్టింది ఆ తర్వాతి సంగతి. ఒంట్లో కొవ్వు ఎక్కువున్న వాళ్ళలో ఈ కోత ఇంకా ఎక్కువ. బరువు తగ్గడానికి ఎవరిని మనం పరుగెత్తమంటున్నామో, సరిగ్గా వాళ్ళకే ఆ పరుగు వల్ల అందరికంటే తక్కువ దక్కుతోంది. ఫలితం రాకపోతే బద్ధకం అని వాళ్ళనే తిడుతున్నాం.

మరి తిండి లెక్క నమ్మదగ్గదేనా

తిండిదే పెత్తనం అంటే "నేను అసలు తినేదే తక్కువ" అని చాలామంది అంటారు. అబద్ధమాడుతున్నారని నేను అనుకోను. 1992లో న్యూయార్క్‌లో ఒక పరిశోధన జరిగింది. రోజుకు 1,200 కేలరీల లోపే తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పినవాళ్ళని తీసుకుని, వాళ్ళు రాసుకున్న లెక్కని అసలు కొలతతో పోల్చారు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా రాసుకున్నారు. మెటబాలిజం, అంటే ఒళ్ళు శక్తిని ఖర్చుపెట్టే తీరు, మామూలుగానే ఉంది. ఇందులో మోసం లేదు. వంట చేస్తూ రుచి చూసింది, పిల్లలు వదిలేసింది పారేయలేక తిన్నది, నిలబడి తిన్నది జ్ఞాపకంలో నిలవవు. శ్రమ మాత్రం ఒంటికి నొప్పిగా తెలుస్తుంది కాబట్టి పెద్దగా గుర్తుంటుంది.

ఇక ఒక కేజీ కొవ్వుకి 7,700 కేలరీలు, కాబట్టి రోజుకి 500 తగ్గించుకుంటే ఏడాదికి 23 కేజీలు పోతాయనే కూడికలు తీసివేతలు. ఈ లెక్క మూలం 1958లో మాక్స్ విష్నాఫ్‌స్కీ అనే డాక్టర్ రాసిన చిన్న పేపర్. మొదటి వారాలకి పర్లేదు, ఏడాది పొడుగునా లాగితే తప్పుతుంది. బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావాల్సింది తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, మనకు తెలియకుండానే కదలిక మందగిస్తుంది. దీన్ని పట్టుకుని కేలరీల లెక్కే బూటకం అనేవాళ్ళతో మాత్రం నేను ఏకీభవించను. తినేది ఖర్చు కంటే తక్కువ కావాలి, ఆ లోటు లేకుండా కొవ్వు కరగదు. ఆ లోటు ఎంతో ముందే కాగితం మీద వేసుకోలేం, అంతే.

కాగితం మీద లెక్క వేసుకోవడం కంటే ఏం తింటున్నామో చూసుకోవడం పనికొస్తుందని నాకు నమ్మకం కలిగించింది కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం 2019లో చేసిన ప్రయోగం. 20 మందిని ఆస్పత్రి వార్డులోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు అంతగా ప్రాసెస్ చెయ్యని తిండి పెట్టారు. వడ్డించినదాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండిట్లోనూ సమానం, ఎంత కావాలంటే అంత తినొచ్చు. మొదటి రకం పెట్టినప్పుడు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, కేజీకి కాస్త తక్కువ బరువు పెరిగారు. రెండో రకం పెట్టినప్పుడు దాదాపు అంతే తగ్గారు. ఎవరికీ తక్కువ తినమని చెప్పలేదు.

తగ్గిన దాంట్లో ఏముంది

ఇంతవరకు చదివి, అయితే వ్యాయామం అక్కర్లేదన్నమాట అని ఎవరైనా అనుకుంటే నేను రాసింది వ్యర్థం. అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

తిండి మాత్రమే తగ్గించి బరువు తగ్గితే, తగ్గినదాంట్లో సుమారు పావు వంతు కొవ్వు కానిది ఉంటుంది. కొవ్వు కానిది అంటే అంతా కండే అని కాదు, నీరు కూడా ఉంటుంది, కానీ కండ గణనీయంగానే ఉంటుంది. లోటులో ఉన్న ఒంటికి కండ ఖర్చుతో కూడిన సరుకు. వాడకం లేకపోతే దాన్ని కరిగించి అవసరాలకు వాడుకుంటుంది. బరువులెత్తినప్పుడు కండ మీద పడే లాగుడే "ఇది కావాలి, ముట్టుకోవద్దు" అని ఒంటికి అందే కబురు. ఆ కబురుతో పాటు ప్రొటీన్ కూడా అందాలి, లేకపోతే కట్టడానికి సరుకుండదు.

కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో ప్రచురించిన ప్రయోగం దీనికి గట్టి సాక్ష్యం. అధిక బరువున్న యువకులకి నాలుగు వారాల పాటు, అవసరమైన దానికంటే 40 శాతం తక్కువ కేలరీలు పెట్టారు. వారానికి ఆరు రోజులు కఠినమైన వ్యాయామం చేయించారు. ఒక గుంపుకి ఒంటి బరువులో కేజీకి 1.2 గ్రాముల ప్రొటీన్, ఇంకో గుంపుకి 2.4 గ్రాములు. మొదటి గుంపులో కొవ్వు 3.5 కేజీలు తగ్గింది, కండ దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. రెండో గుంపులో కొవ్వు 4.8 కేజీలు తగ్గింది, పైగా కొవ్వు కానిది 1.2 కేజీలు పెరిగింది. అంత లోటులోనూ! వెయింగ్ మెషిన్ మాత్రం రెండు గుంపులకీ ఇంచుమించు ఒకే కథ చెబుతుంది, 3.5 చూపించినా 3.6 చూపించినా తేడా ఎవరికి తెలుస్తుంది? లోపల జరిగింది మాత్రం చాలా వేరు.

ఈ ప్రయోగాన్ని చూపించి అందరికీ ఇలాగే అవుతుందని చెప్పడం అన్యాయం. వాళ్ళు కుర్రాళ్ళు, తిండి మొత్తం పరిశోధకులే ఇచ్చారు, పక్కనే నిలబడి చేయించారు, నెలకి మించి ఎవరూ అలా ఉండలేరు. కొవ్వు తగ్గుతూ కండ పెరగడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి, కొవ్వు ఎక్కువున్నవాళ్ళకి, చాలాకాలం ఆపి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళకి తేలిక. ఇప్పటికే సన్నగా ఉండి ఏళ్ళ తరబడి బరువులెత్తుతున్న మనిషికి అవసరం కంటే కొంచెం ఎక్కువ తినకపోతే కండ పెరగడం కష్టం. ఆ కొంచెం రోజుకి రెండు మూడు వందల కేలరీల మాట, అంతకు మించినదాంట్లో చాలా భాగం కొవ్వుగానే చేరుతుంది. ప్రొటీన్ కూడా అంతే, ఎంత తింటే అంత కండ రాదు. 49 పరిశోధనలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో కేజీకి రోజుకు సుమారు 1.6 గ్రాములు దాటాక కండ పెరుగుదలలో అదనపు లాభం పెద్దగా కనపడలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఈ అంకెల జోలికి వెళ్ళకూడదు.

కొత్తగా వెయిట్స్ మొదలుపెట్టిన వాళ్ళకి మొదటి వారాల్లో మెషిన్ మీద అంకె ఒక్కోసారి పెరుగుతుంది కూడా. శ్రమపడిన కండలో వాపు వస్తుంది, కండ గ్లైకోజెన్ (చక్కెరను ఒళ్ళు నిల్వచేసుకునే రూపం) దాచుకుంటుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. ఈ ముక్క ఎవరూ ముందుగా చెప్పరు. సరిగ్గా ఈ వారాల్లోనే భయపడి మానేసేవాళ్ళు ఎంతమందో.

వ్యాయామం పక్షాన మాట్లాడేవాళ్ళు కూడా అతి చేస్తారు, అది నాకు ఇంకా బాధ. "మేడమ్, కండ పెంచండి చాలు, కూర్చున్నా కొవ్వు కరిగిపోతుంది" అని ఒక ట్రైనర్ కొత్తవాళ్ళందరికీ చెప్పడం విన్నాను. కదలకుండా ఉన్నప్పుడు కేజీ కండకి రోజుకు అయ్యే ఖర్చు సుమారు 13 కేలరీలు, కేజీ కొవ్వుకి నాలుగున్నర. కష్టపడి రెండు కేజీల కండ పెంచినా రోజుకి 26 కేలరీలు. ఇలాంటి మాటలు చెప్పి చేర్చుకుంటే ఆర్నెల్లకి అవి నిజం కాలేదని గ్రహించి వెళ్ళిపోతారు. కండకి గొప్పతనం కావాలంటే కేలరీల సాయం అక్కర్లేదు. తిన్న చక్కెరలో పెద్ద భాగాన్ని రక్తంలోంచి తీసుకుని దాచుకునేది కండే. కిందపడబోయినప్పుడు నిలబెట్టేది కండే.

నన్ను ఆలోచనలో పడేసిన 14 మంది

నా అభిప్రాయానికి గట్టి ఎదురుదెబ్బ ఒకటుంది. అమెరికాలో బరువు తగ్గే పోటీ టీవీ షోలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత మళ్ళీ కొలిచి, 2016లో ఆ ఫలితాలు ప్రచురించారు, ఇదీ కెవిన్ హాల్ బృందమే. పోటీలో సగటున 58 కేజీలు తగ్గినవాళ్ళు తర్వాత 41 కేజీలు తిరిగి పెరిగారు. అంతకంటే దారుణం, విశ్రాంతిలో వాళ్ళ శక్తి ఖర్చు ఆ ఒంటికి ఉండాల్సిన దానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. ఈ వార్త అప్పట్లో అందరూ చదివారు, ఇక బరువు తగ్గడం ఎవరివల్లా కాదని చాలామంది నిరాశపడ్డారు.

ఆ తర్వాతి ఏడాది అదే గుంపు మీద వచ్చిన పేపర్‌ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. తగ్గిన బరువును నిలబెట్టుకున్నవాళ్ళకీ మళ్ళీ పెరిగినవాళ్ళకీ తేడా ఎక్కడుందని చూస్తే, అది తిండిలో కంటే కదలికలో స్పష్టంగా కనపడింది. నిలబెట్టుకున్నవాళ్ళు పోటీకి ముందు కంటే తమ శారీరక శ్రమని 160 శాతం పెంచుకున్నారు, పెరిగినవాళ్ళు 34 శాతం. 1994లో మొదలైన అమెరికా నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీలో, బరువు తగ్గి ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది చెప్పేదీ ఇలాంటిదే, రోజుకి గంటకు దగ్గరగా వ్యాయామం. ఇంకా వెనక్కి వెళ్తే, 1956లో పోషకాహార శాస్త్రవేత్త జీన్ మేయర్ పశ్చిమ బెంగాల్ జనపనార మిల్లు కార్మికుల మీద చేసిన అధ్యయనం ఉంది. ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళు ఎంత శ్రమిస్తే అంత తిన్నారు. అసలు కదలకుండా కూర్చునేవాళ్ళు మాత్రం తేలికపాటి పని చేసేవాళ్ళ కంటే ఎక్కువ తిన్నారు, ఎక్కువ బరువున్నారు. బొత్తిగా కదలకపోతే ఆకలి అదుపు తప్పుతుందేమో అన్న అనుమానం అప్పటి నుంచీ ఉంది.

కాబట్టి బరువుకీ వ్యాయామానికీ సంబంధమే లేదని నేను అనలేను. తగ్గించడంలో దాని చెయ్యి చిన్నది, తగ్గినదాన్ని నిలబెట్టడంలో పెద్దది అని మాత్రం అనగలను. వ్యాయామం వల్ల బరువు నిలిచిందా, లేక రెండూ చెయ్యగలిగిన మనుషులు వేరేగా ఉంటారా అన్నది ఆ 14 మందితో తేలే విషయం కాదు. అయినా ఆ ఆరేళ్ళు కదులుతూనే ఉన్నవాళ్ళని తలుచుకుంటే నాకు ఒకటే అనిపిస్తుంది. ఆరేళ్ళు చెయ్యాలంటే వారం వారం మెషిన్ ఇచ్చే మార్కుల మీద ఆధారపడి చెయ్యలేరు, చేసే పనిలోనే ఏదో దొరకాలి. నిన్న ఎత్తలేని బరువు ఇవాళ ఎత్తడంలో దొరికేది అదే.

సూది మందులు వచ్చాక

ఇప్పుడు ఆకలి తగ్గించే సెమాగ్లుటైడ్ లాంటి సూది మందులు వచ్చి, తగ్గిన బరువులో ఏముందన్న ప్రశ్నని మరీ సూటిగా అడుగుతున్నాయి. 2021లో ప్రచురితమైన ప్రయోగంలో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గించిందీ మందు. ఆకలి తగ్గించి, తిండి తగ్గించి. బరువు సంగతి తిండే తేలుస్తుందనడానికి ఇంతకంటే పెద్ద రుజువు నాకు తెలియదు. కానీ ఆ ప్రయోగంలోనే 140 మందిని స్కాన్ చేసి చూస్తే, పోయిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కానిది. మొత్తం ఒంటితో పోలిస్తే కొవ్వు వాటా తగ్గి కండ వాటా కొంచెం పెరిగిన మాట నిజమే, అందుకే కొందరు ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదంటారు. నలభై ఏళ్ళ మనిషికి నిజంగానే లేకపోవచ్చు. డెబ్బై ఏళ్ళ మనిషి విషయంలో నేను ఆ ధీమా చూపించలేను. ఆ వయసులో పోయిన కండ దానంతటది తిరిగి రాదు. మందు ఆపేస్తే కొవ్వు మాత్రం వస్తుంది.

తిరిగి తెచ్చుకోవడం అసాధ్యం కాదు. బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ మధ్య వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్ళకి గట్టి బరువుల వ్యాయామం చేయించారు, 1990లో వచ్చింది ఆ పేపర్. పూర్తి చేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేసి నడిచారు. వాళ్ళు ఎన్ని కేజీలు తగ్గారని ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరమూ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల మామూలు వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండలకి పని చెప్పే వ్యాయామం ఉండాలని ఉంది. మొదటి సగం అందరికీ తెలుసు, డాక్టర్లందరూ నడవమంటారు. రెండో సగం చెప్పిన డాక్టర్ నాకు ఇంతవరకు తగల్లేదు. ఆకలి తగ్గించే ఇంజెక్షన్ రాసే ప్రతి చీటీ మీద, దాని కిందనే, వారానికి రెండు రోజుల బరువుల వ్యాయామం, రోజుకి ఇన్ని గ్రాముల ప్రొటీన్ అని కూడా రాయాలి. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు బరువు చూసినట్టే, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో కూడా చూడాలి. ఆ పరీక్షకి మెషిన్ అక్కర్లేదు, అర నిమిషం చాలు.